ఉల్లి వేరు కొనలో కణం పెరగడం, విడిపోవడం మీ కళ్ళతోనే చూడాలంటే ఇలా చేయండి

కణ విభజన అనగానే అందరికీ గుర్తొచ్చేవి ఆ నాలుగు బొమ్మలే, ప్రోఫేజ్ మెటాఫేజ్ అనాఫేజ్ టీలోఫేజ్, గుండ్రంగా వరసలో గీసి మధ్యలో బాణం గుర్తులు పెట్టి ఉంటాయి కదా, అవి బట్టీ పట్టి పరీక్షలో గీసేసి వచ్చేస్తాం. కానీ నిజం కణాల్ని మైక్రోస్కోప్ కింద పెడితే సీన్ వేరేగా ఉంటుంది. చాలావరకు కణాలు ఏ బొమ్మలోనూ లేనట్టు, గుండ్రటి కేంద్రకంతో ఊరికే కూర్చున్నట్టు కనబడతాయి. అది చూసి స్లైడ్ పాడైపోయింది అనుకుని పారేసేవాళ్ళు బోలెడుమంది. పాడవ్వలేదు, అసలు పని అంతా అలా ఊరికే ఉన్నట్టు కనిపించే కణాల్లోనే జరుగుతోంది, పెరగడం డీఎన్ఏ రెట్టింపు చేసుకోవడం అన్నీ అక్కడే. విడిపోవడం చివర్లో వచ్చే చిన్న ముక్క మాత్రమే.

ఈ రెండూ ఒకే చోట చూడాలంటే ఉల్లి వేరుని మించింది లేదు నా దృష్టిలో. ఉల్లి కణంలో 16 క్రోమోజోములే ఉంటాయి, కానీ ఒక్కోటీ చాలా పెద్దది, ఎందుకంటే ఉల్లి జీనోమ్, అంటే దాని డీఎన్ఏ పూర్తి సెట్టు, మనిషి జీనోమ్ కంటే సుమారు 5 రెట్లు పెద్దది. అంత డీఎన్ఏ కేవలం 16 క్రోమోజోముల్లో సర్దుకోవాలి కాబట్టి అవి లావుగా పొడుగ్గా ఉండి మామూలు స్టూడెంట్ మైక్రోస్కోప్‌లో 400 రెట్లకే కనబడిపోతాయి. వెల్లుల్లి కూడా పనికొస్తుంది, దానికీ 16 క్రోమోజోములే.

ముందు మైక్రోస్కోప్ లేకుండా చేసే పని ఒకటి

స్లైడ్ జోలికి వెళ్ళే ముందు ఇది చేయమని గట్టిగా చెప్తాను, ఎందుకంటే పెరగడం వేరు విడిపోవడం వేరు అని ఇక్కడే బుర్రకెక్కుతుంది. చిక్కుడు గింజో బఠాణీ గింజో నానబెట్టి తడి ఫిల్టర్ పేపర్‌లో పెట్టి మొలకెత్తించండి. వేరు ఒక 2 సెంటీమీటర్లు వచ్చాక పైపైన తడి అద్దేసి, కొన నుంచి పైకి మిల్లీమీటరుకి ఒకటి చొప్పున సన్నటి ఇంకు గీతలు పెట్టాలి, నీళ్ళకి కరగని నల్ల ఇంకు అయితేనే. సన్నటి దారం ఇంకులో ముంచి వేరు మీద అలా ఆనిస్తే గీత నీట్‌గా పడుతుంది, పెన్నుతో గీస్తే వేరు గీసుకుపోతుంది. తర్వాత మళ్ళీ తడి పేపర్‌లో పెట్టేసి ఒక రోజు వదిలేయండి.

మర్నాడు చూస్తే పై గీతలు పెట్టినచోటే పెట్టినట్టు దగ్గరదగ్గరగా ఉంటాయి, కొనకి కాస్త వెనక ఉన్న కొన్ని మిల్లీమీటర్లలో గీతలు మాత్రం బాగా ఎడం అయిపోయి ఉంటాయి. అంటే వేరు పొడవంతా సాగట్లేదు, కొన వెనక ఉన్న ఆ కాస్త మేరే సాగుతోంది. జర్మన్ వృక్ష శాస్త్రవేత్త యూలియస్ జాక్స్ 19వ శతాబ్దంలో చిక్కుడు జాతి వేళ్ళ మీద చేసింది ఇదే పని, ఇప్పటికీ దీన్ని మించిన సింపుల్ ప్రయోగం లేదు.

ఇందులో అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, వేరు కొసన వేరు తొడుగు అని ఒక రక్షణ పొర ఉంటుంది, దాని వెనకే ఉండే ఒకటి రెండు మిల్లీమీటర్ల భాగంలో కణాలు విడిపోతూ సంఖ్య పెంచుకుంటాయి, దాన్నే విభాజ్య కణజాలం అంటారు. దానికి ఇంకాస్త వెనక కణాలు విడిపోవడం మానేసి నీళ్ళు పీల్చుకుని లోపలి రిక్తికని, అంటే నీటి సంచి లాంటి దాన్ని, ఉబ్బించుకుని పొడుగ్గా సాగుతాయి, ఎన్నో రెట్లు సాగుతాయి. మీ గీతలు ఎడం అయింది అక్కడ. సంఖ్య పెరిగేది ఒకచోట సైజు పెరిగేది ఇంకోచోట, ఈ రెండూ కలిస్తేనే వేరు మట్టిలోకి దిగుతుంది.

అలాగని విడిపోయే కణాలు అసలు పెరగవని కాదు. అవి కూడా పెరుగుతాయి, కాకపోతే వాటిది వేరే రకం పెరుగుదల, ప్రొటీన్లు రైబోజోములు మైటోకాండ్రియాలు పొరలు అన్నీ కూడబెట్టుకుని తమ సరుకుని రెట్టింపు చేసుకోవడం. సాగే జోన్‌లో జరిగేది ఎక్కువగా నీళ్ళతో ఉబ్బడం. కణం పెరుగుతుంది అని ఒకే మాట రెండింటికీ వాడేస్తాం కాబట్టి గందరగోళం వస్తుంది.

వేళ్ళు మొలిపించడం

ఇక స్లైడ్‌కి ఉల్లిగడ్డ కావాలి. అడుగున ఉన్న ఎండు వేళ్ళని బ్లేడుతో పైపైన గోకేయండి, లోపలి గట్టి పళ్ళెం లాంటి భాగం మాత్రం తెగకూడదు, కొత్త వేళ్ళు అక్కడి నుంచే వస్తాయి. గ్లాసులో నీళ్ళు పోసి గడ్డని మూతి మీద కూర్చోబెట్టి అడుగు మాత్రమే నీళ్ళకి తగిలేలా పెట్టాలి. గడ్డ సగం మునిగితే కుళ్ళిపోయి వాసనొస్తుంది, ఇంక దాన్ని పారేయడమే. నీళ్ళు రోజూ మార్చండి. మామూలు గది వేడిలో, 20 నుంచి 25 డిగ్రీల మధ్య, రెండు నుంచి నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు వచ్చేస్తాయి.

ఒక్క గడ్డతో సరిపెట్టుకోకండి, రెండు మూడు పెట్టండి. కొన్ని ఉల్లిగడ్డలకి నిల్వలో మొలకెత్తకుండా రేడియేషనో మందో కొట్టి ఉంటారు, ఆ ట్రీట్‌మెంట్ చేసే పనే కణ విభజనని ఆపడం, కాబట్టి అలాంటి గడ్డ మీ చేతికొస్తే వారం చూసినా ఉపయోగం ఉండకపోవచ్చు.

వేళ్ళు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉన్నప్పుడే కోసేయాలి. ఇంకా పొడుగు అవ్వనిద్దాం అనిపిస్తుంది కానీ వద్దు, చురుగ్గా విడిపోయే కణాలు ఎక్కువ ఉండేది లేత వేళ్ళలోనే. చాలా ల్యాబ్ మాన్యువల్స్‌లో పొద్దున్నే కోయమని రాస్తారు. రోజులో ఏ టైమ్‌కి ఎక్కువ కణాలు విడిపోతున్నాయనేది వెలుతురు వేడి బట్టి మారుతుంది కాబట్టి నేనైతే పొద్దున కొన్ని మధ్యాహ్నం కొన్ని కోసి వేరువేరు సీసాల్లో వేసుకోమంటాను, ఏది బాగుందో తర్వాత మీకే తెలుస్తుంది.

కోసిన వెంటనే ఫిక్స్ చేయడం

కోసిన వేరు కొనలు గాలికి వదిలేయకూడదు, కోసిన మరుక్షణం ఫిక్సర్‌లో పడాలి. ఫిక్సర్ అంటే 3 వంతుల ఇథనాల్, 1 వంతు గ్లేసియల్ అసిటిక్ యాసిడ్, అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిన్న కలిపింది ఇవాళ వాడొద్దు. ఇది కణాన్ని ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే ఆపేస్తుంది, క్రోమోజోములు సగం దూరం వెళ్ళి ఉంటే సగం దూరంలోనే ఆగిపోతాయి. 24 గంటలు ఉంచాలి. ఆ తర్వాత వెంటనే వాడకపోతే 70% ఆల్కహాల్‌లోకి మార్చేయండి, ఫిక్సర్‌లోనే రోజుల తరబడి ఉంచేస్తే కణాలు పెళుసెక్కుతాయి.

జాగ్రత్త మాట ఒకటి. గ్లేసియల్ అసిటిక్ యాసిడ్ చర్మం మీద పడితే కాలుతుంది, దాని ఆవిరి కళ్ళకి ముక్కుకి మంట, కిటికీ తెరిచి గ్లౌజులు కళ్ళద్దాలు పెట్టుకుని చేయాలి. ఆల్కహాల్ ఉన్న సీసా దీపం దగ్గరకి రాకూడదు. పిల్లలు చేస్తుంటే ఈ భాగం పక్కన టీచర్ ఉండి చేయించాల్సిందే. కొంతమంది కాల్చిసిన్ వాడమంటారు, అది విభజనలో క్రోమోజోముల్ని చెరో వైపు లాగే కండె తంతువులు ఏర్పడకుండా ఆపేస్తుంది, దాంతో కణాలన్నీ మెటాఫేజ్ దగ్గర ఆగిపోయి క్రోమోజోములు లెక్కపెట్టడం ఈజీ అవుతుంది, నిజమే, కానీ అది విషం, పైగా మీకు అనాఫేజ్ చూసే ఛాన్సే పోతుంది. ఈ పనికి దాని అవసరం లేదు.

మెత్తబరచడం, రంగు వేయడం

వేరు కణాలు పెక్టిన్ అనే జిగురుతో ఒకదానికొకటి గట్టిగా అంటుకుని ఉంటాయి, ఆ జిగురు వదిలించకపోతే ఎంత నొక్కినా పొర మీద పొర ఉండి ఏమీ కనబడదు. అందుకని 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 60 డిగ్రీల దగ్గర 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. వేడి నీళ్ళ బీకర్‌లో టెస్ట్‌ట్యూబ్ నిలబెట్టి థర్మామీటర్‌తో చూసుకుంటూ ఉంటే చాలు. యాసిడ్ పలచన చేసేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది. 5 నిమిషాలకి ఒక వేరు తీసి నీడిల్‌తో నొక్కి చూడండి, మెత్తగా లొంగితే అయిపోయినట్టే. ఎక్కువసేపు ఉంచితే కొన ఊడిపోయి ట్యూబ్ అడుగున పడిపోతుంది, అక్కడ పోయేది మనకి కావలసిన భాగమే. తర్వాత మంచి నీళ్ళలో రెండుసార్లు కడగండి.

రంగుకి అసిటోకార్మిన్ పాతకాలం నుంచి వాడేది, కార్మిన్ అంటే కొచినీల్ అనే పురుగు నుంచి తీసే ఎరుపు, దాన్ని 45% అసిటిక్ యాసిడ్‌లో మరిగించి వడకడతారు. వాచ్ గ్లాస్‌లో కొన్ని చుక్కలు వేసి వేళ్ళు అందులో పెట్టి స్పిరిట్ ల్యాంప్ మీద అలా చూపిస్తూ తీస్తూ ఉండాలి, గోరువెచ్చగా ఆవిరి రావాలి తప్ప బుడగలు రాకూడదు. మరిగితే రంగు గడ్డలు కట్టి స్లైడ్ నిండా నల్ల మచ్చలు వస్తాయి, వాటినే క్రోమోజోములు అనుకుని సంబరపడేవాళ్ళు కూడా ఉన్నారు. 10 నిమిషాలు అలా వదిలేయండి. అసిటో ఆర్సీన్ ఉంటే అదీ బాగుంటుంది, టొల్యూడిన్ బ్లూ అయితే వేడి చేయకుండా ఒకటి రెండు నిమిషాల్లో పనైపోతుంది కానీ కణం మొత్తం నీలం ఎక్కేసే ప్రమాదం ఉంది.

ఇప్పుడు వేరు కొనని జాగ్రత్తగా చూస్తే చివర్న ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రం బాగా ముదురు రంగులో ఉంటుంది, మిగతాది లేతగా ఉంటుంది. ముదురుగా ఎందుకుందంటే అక్కడ కణాలు చిన్నవి, కేంద్రకాలు పెద్దవి, ఒకే చోట కిక్కిరిసి ఉన్నాయి, రంగు పట్టేది కేంద్రకానికే కాబట్టి. విభాజ్య కణజాలం అదే. ఆ ముదురు ముక్క మాత్రం ఉంచి మిగతాదంతా బ్లేడుతో కోసి పారేయండి, అస్సలు జాలి పడొద్దు. స్లైడ్‌లు ఫెయిలయ్యేది ఎక్కువగా ఇక్కడే, 5 మిల్లీమీటర్ల వేరు పెట్టేసి నొక్కుతారు, దాంతో స్లైడ్ నిండా సాగిపోయిన పొడుగు కణాలే కనిపిస్తాయి, విడిపోయేవి వాటి మధ్యలో ఎక్కడో దాక్కుంటాయి.

నొక్కడం

స్లైడ్ మీద ఆ ముక్క పెట్టి 45% అసిటిక్ యాసిడ్ ఒక చుక్క వేసి, నీడిల్‌తో కాస్త చిదిమి, కవర్‌స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి ఏటవాలుగా మెల్లగా దించాలి, గాలి బుడగలు చిక్కుకోకుండా. పెన్సిల్ వెనక రబ్బరు వైపుతో కవర్‌స్లిప్ మీద టకటకా మెల్లగా కొట్టండి, ముక్క మబ్బులా పరుచుకుంటూ కనబడుతుంది. తర్వాత ఫిల్టర్ పేపర్ మడత పెట్టి పైన వేసి బొటనవేలితో తిన్నగా కిందికి గట్టిగా నొక్కాలి. పక్కకి జరగకూడదు, ఒక్క మిల్లీమీటర్ జరిగినా కణాలు దొర్లిపోయి క్రోమోజోములు చిక్కుపడి ఏ దశో తెలీకుండా పోతుంది. కవర్‌స్లిప్ పగిలితే ఇంకో ముక్కతో మళ్ళీ మొదలెట్టండి. అందుకే ఒక్కసారికి ఐదారు వేళ్ళయినా రెడీగా పెట్టుకోవాలి.

మైక్రోస్కోప్‌లో ఏం వెతకాలి

ముందు 10ఎక్స్ లెన్స్ పెట్టి స్లైడ్ అంతా తిరగండి. చిన్నగా చతురస్రంగా ఉండి సగానికి సగం కేంద్రకమే నిండిపోయిన కణాల గుంపు దొరికేదాకా వెతకాలి. పొడుగ్గా ఖాళీగా ఉన్న కణాలు కనబడితే మీరు సాగే జోన్‌లో ఉన్నారు, పక్కకి జరగండి. గుంపు దొరికాక 40ఎక్స్‌కి మార్చండి, వెలుతురు కాస్త పెంచి, స్లైడ్ కింద వెలుతురుని కూడగట్టే కండెన్సర్ సర్దుకోండి.

ఇంటర్‌ఫేజ్ కణాలే ఎక్కువ కనిపిస్తాయి, కేంద్రకం అంచు స్పష్టంగా గుండ్రంగా ఉంటుంది, లోపల రంగు గరుకుగా సమంగా పరుచుకుని ఉంటుంది. దీన్ని కొన్ని పాత పుస్తకాల్లో విశ్రాంతి దశ అని రాశారు, అంతకంటే పొరపాటు మాట ఇంకోటి ఉండదు. ఇందులోనే మూడు భాగాలున్నాయి, జి1లో కణం పెరుగుతుంది, ఎస్‌లో డీఎన్ఏ మొత్తం రెట్టింపు అవుతుంది, జి2లో ఇంకా పెరుగుతూ విభజనకి సరంజామా సర్దుకుంటుంది. చూపుకి మూడూ ఒకేలా ఉంటాయి, రంగు వేసి ఎంత చూసినా తేడా తెలీదు. ఇది బయటపడింది కూడా వేరు కొనల మీదే, 1950ల మొదట్లో ఆల్మా హోవార్డ్, స్టీఫెన్ పెల్క్ అనే ఇద్దరు చిక్కుడు జాతి వేళ్ళకి రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఇచ్చి చూస్తే, డీఎన్ఏలోకి అది చేరేది ఇంటర్‌ఫేజ్‌లో ఒక టైమ్‌లో మాత్రమే అని తేలింది. దానికి ముందో ఖాళీ వెనకో ఖాళీ ఉందన్నమాట, ఆ ఖాళీలకే జి1, జి2 అని పేరు.

ప్రోఫేజ్‌లో కేంద్రకం కాస్త పెద్దదై లోపల దారపు ఉండలాగా పోగులు కనబడతాయి. మొదట్లో ఉన్న ప్రోఫేజ్‌కీ ఇంటర్‌ఫేజ్‌కీ తేడా చెప్పడం కష్టం, పోగు ఒక్కటైనా విడిగా కంటితో వెంబడించగలిగితేనే ప్రోఫేజ్ అని లెక్కేయండి, ఈ రూల్ మొదటి నుంచి చివరిదాకా మార్చకుండా పాటించండి, లేకపోతే మీ లెక్కలన్నీ తారుమారు అవుతాయి.

మెటాఫేజ్‌లో కేంద్రకం పొర ఉండదు, క్రోమోజోములు కణం మధ్యలో అడ్డంగా ఒక గీతలా నిలబడతాయి. కానీ కణం పైనుంచి చూస్తున్నట్టు పడితే గీత కనబడదు, చుక్కలా రింగులా విప్పారినట్టు కనిపిస్తుంది, పుస్తకంలో బొమ్మలా లేదని దాన్ని వదిలేయకండి. ఇంకా చెప్పాలంటే 16 క్రోమోజోములు లెక్కపెట్టాలంటే ఆ పైనుంచి కనిపించే కణమే బెస్ట్. ఇక్కడ కణం ఒక చెకింగ్ చేసుకుంటుంది, ప్రతి క్రోమోజోముకీ రెండు వైపుల నుంచి కండె తంతువులు తగులుకున్నాయా లేదా అని. ఒక్కటి తగులుకోకపోయినా మిగతావన్నీ ఆగాల్సిందే. బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు పనిచేసేది ఈ తంతువుల మీదే, అవి కట్టుకోనివ్వదు, కణం అక్కడే ఆగిపోతుంది.

అనాఫేజ్ చాలా తక్కువగా దొరుకుతుంది కానీ దొరికితే మాత్రం చూడ్డానికి చాలా బాగుంటుంది. రెండు గుంపులు చెరో వైపు వెళ్తుంటాయి, ఒక్కో క్రోమోజోము మధ్యలో పట్టి లాగుతున్నట్టు వంగి ఉంటుంది, వంపు కొస అంచు వైపు చేతులు వెనక్కి. అందరూ తికమకపడే లెక్క ఒకటుంది ఇక్కడ. ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపు అయినా క్రోమోజోములు 16 అనే లెక్కపెడతాం, ఎందుకంటే ఒక్కోటి రెండు క్రోమాటిడ్లుగా, అంటే ఒకేలాంటి రెండు కాపీలుగా, సెంట్రోమియర్ అనే చోట అతుక్కునే ఉంది. అనాఫేజ్‌లో అవి విడిపోగానే కణంలో కాసేపు 32 అవుతాయి, చెరో వైపు 16 వెళ్తాయి. డీఎన్ఏ పెరిగేది ఒకప్పుడు, క్రోమోజోము లెక్క పెరిగేది ఇంకోప్పుడు.

టీలోఫేజ్‌లో రెండు చివర్లా రెండు ముద్దలు, మధ్యలో సన్నటి గీత. ఆ గీతే కణ ఫలకం, మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది కాబట్టి నొక్కుకుని తెగలేదు, కణంలో సరుకు ప్యాక్ చేసే గాల్జీ అనే భాగం నుంచి వచ్చిన చిన్నచిన్న సంచులు మధ్యలో చేరి కలిసిపోయి మధ్య నుంచి అంచులకి గోడ కట్టుకుంటూ పోతుంది. జంతు కణం దీనికి పూర్తిగా ఉల్టా, యాక్టిన్ మయోసిన్ అనే ప్రొటీన్ల రింగు బయటి నుంచి బిగుసుకుంటూ లోపలికి నొక్కుతుంది. ఇంకో తేడా, జంతు కణాల బొమ్మల్లో చివర్న గీసే సెంట్రియోల్స్ ఉల్లి కణంలో ఉండవు, రికార్డులో అలవాటుగా గీసేయకండి.

వాల్టర్ ఫ్లెమింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1882లో ఈ విభజనకి మైటోసిస్ అని పేరు పెట్టింది సాలమాండర్ పిల్లల కణాల్ని చూసి. ఆయన రంగు వేసిన కణాల్నీ బతికున్న కణాల్నీ పక్కపక్కన పెట్టి చూసి ఏది ముందు ఏది వెనక అనే వరస తేల్చాడు. మీ స్లైడ్‌లో ఉన్నవన్నీ చనిపోయిన కణాలే కాబట్టి ఏ కణమూ ఒక దశ నుంచి ఇంకో దశకి వెళ్ళదు, వరస మీరే అల్లుకోవాలి.

లెక్కపెట్టడం, ఇదే అసలు మజా

చూసి ఊరుకుంటే సగం పనే. కాగితం మీద ఐదు గళ్ళు గీసుకుని ఒక మూల నుంచి వరసగా కనబడిన ప్రతి కణాన్నీ ఏదో ఒక గడిలో వేయండి, అందంగా ఉన్నవి మాత్రమే ఏరుకుంటే మోసం అవుతుంది. కనీసం 300, 400 కణాలు లెక్కపెట్టాలి, రెండు మూడు స్లైడ్‌ల నుంచి అయితే ఇంకా మంచిది.

ఉదాహరణకి 400 కణాల్లో 360 ఇంటర్‌ఫేజ్, 24 ప్రోఫేజ్, 6 మెటాఫేజ్, 4 అనాఫేజ్, 6 టీలోఫేజ్ వచ్చాయనుకుందాం. విడిపోతున్నవి 40, మొత్తం 400, అంటే 10%. దీన్ని మైటోటిక్ ఇండెక్స్ అంటారు. ఇప్పుడు ఉల్లి వేరు కణం ఒక చక్రం, అంటే ఒక విభజన నుంచి తర్వాతి విభజన దాకా, పూర్తి చేయడానికి సుమారు 20 గంటలు అనుకుంటే 1200 నిమిషాలు, అందులో 10% అంటే విభజనకి 120 నిమిషాలు, ప్రోఫేజ్‌కి 72, మెటాఫేజ్‌కి 18, అనాఫేజ్‌కి 12, టీలోఫేజ్‌కి 18. ఎక్కువ కణాలు ఏ దశలో దొరికితే ఆ దశ అంత ఎక్కువసేపు నడుస్తోందన్నమాట, అనాఫేజ్ దొరకడం కష్టం అన్నానే, కారణం ఇదే, అది గబగబా అయిపోతుంది.

ఈ లెక్కకి రెండు షరతులున్నాయి. కణాలన్నీ ఒకేసారి అడుగు వేయకుండా ఎవరి టైమ్‌లో వాళ్ళు తిరుగుతుండాలి, అలాగే మీరు లెక్కపెట్టినవన్నీ నిజంగా చక్రంలో ఉన్నవే అయి ఉండాలి. పొడుగు కణాలు, వేరు తొడుగు కణాలు కలిపేశారంటే ఇండెక్స్ పడిపోతుంది, విభజన టైమ్ నిజం కంటే తక్కువగా వస్తుంది. పైగా ఒక్క కణం విడిపోతే రెండు కొత్తవి పుడతాయి కాబట్టి గుంపులో కొత్త కణాలు ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటాయి, అందుకని ఇది దగ్గరి అంచనా తప్ప స్టాప్‌వాచ్ కాదు.

ఇది చేతికొచ్చాక ప్రశ్నలు మీరే వేసుకోవచ్చు. ఒక గ్లాసు చల్లటి చోట ఒకటి మామూలు చోట పెట్టి వేళ్ళు పోల్చి చూడండి, చలికి చక్రం నెమ్మదిస్తుంది. కొన నుంచి 1 మిల్లీమీటర్, 3 మిల్లీమీటర్లు, 5 మిల్లీమీటర్ల ముక్కలు విడివిడిగా స్లైడ్ చేసి మూడింటి ఇండెక్స్ తీసి, మొదట్లో పెట్టిన ఇంకు గీతల కొలతల పక్కన రాసుకోండి, ఎక్కడ విడిపోవడం ఆగి ఎక్కడ సాగడం మొదలైందో మీ సొంత అంకెల్లోనే కనబడుతుంది.

అన్ని కణాలూ ఇలాగే చేస్తాయా అంటే

చేయవు. ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు సుమారు 24 గంటలకోసారి విడిపోతాయి, అందులో మైటోసిస్‌కి పట్టేది ఒక గంట అటూఇటూ, మిగతాదంతా పెరగడం, డీఎన్ఏ రెట్టింపు చేసుకోవడమే. మెదడులోని నాడీకణాలు దాదాపు అన్నీ చక్రంలోంచి బయటికొచ్చేసి జి0 అనే స్థితిలో ఉండిపోతాయి. కాలేయ కణాలు కూడా మామూలుగా అలాగే ఉంటాయి కానీ ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసేసినా అవి మళ్ళీ చక్రంలోకి దిగి వారం పది రోజుల్లో బరువు తెచ్చేసుకుంటాయి.

కప్ప గుడ్డు ఇంకా వింత, జెనోపస్ అనే కప్పలో ఫలదీకరణ అయిన గుడ్డు 1 మిల్లీమీటర్ పైనే ఉంటుంది, మొదటి విభజన అయ్యాక సుమారు అరగంటకోసారి విడిపోతూ పోతుంది, అసలు పెరగనే పెరగదు. 12 విభజనలు అయ్యేసరికి నాలుగు వేల కణాలు, మొత్తం సైజు మాత్రం అంతే, కణాలే చిన్నవైపోతాయి. తల్లి ముందే గుడ్డులో అన్నీ నింపి పెట్టింది కాబట్టి పెరిగే పని లేదు. పెరగడం, విడిపోవడం విడదీయొచ్చని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. వేరులో సాగే కణాలు విడిపోకుండా పెరుగుతాయి, కప్ప గుడ్డు పెరగకుండా విడిపోతుంది.

మరి మామూలు కణాల్లో ఈ రెండిటినీ ఎవరు కలిపి నడిపిస్తారు అంటే, సైక్లిన్‌లు అనే ప్రొటీన్లు, వాటితో జతకట్టే సీడీకే ఎంజైములు. సైక్లిన్ మెల్లగా పోగవుతుంది, ఒక మోతాదు దాటాక జంట ఎంజైమ్ పనిచేస్తుంది, పని కాగానే సైక్లిన్‌ని కణమే ముక్కలు చేసేస్తుంది, మళ్ళీ మొదలు. టిమ్ హంట్ దీన్ని 1982లో సముద్రపు అర్చిన్ గుడ్లలో చూశాడు, పాల్ నర్స్, లీలాండ్ హార్ట్‌వెల్ ఈస్ట్‌లో దీనికి సంబంధించిన జన్యువులు పట్టుకున్నారు, ముగ్గురికీ కలిపి 2001లో నోబెల్ వచ్చింది. ఈస్ట్‌లో ఇంకో సంగతి, మొగ్గలా పుట్టిన పిల్ల కణం తల్లి కంటే చిన్నగా ఉంటుంది, అందుకని తగినంత సైజు వచ్చేదాకా జి1లోనే ఎక్కువసేపు గడుపుతుంది.

స్లైడ్ దాచుకోవాలంటే

బాగా వచ్చిన స్లైడ్ ఉంటే కవర్‌స్లిప్ నాలుగు అంచుల్నీ తుడిచి నెయిల్ పాలిష్ రాసేయండి, కొన్ని రోజులు ఎండిపోకుండా ఉంటుంది, ఆ లోపు ఫోన్ కెమెరాని ఐపీస్ దగ్గర పెట్టి ఫొటోలు తీసుకోండి, ఫొటోలో లెక్కపెట్టడం కళ్ళకి ఇంకా సుఖం, ఇంకొకరితో మళ్ళీ లెక్కపెట్టించి మీ అంకెలతో పోల్చుకోవచ్చు కూడా. ఫొటో కింద వేరు ఏ రోజు ఏ టైమ్‌కి కోశారో, కొన నుంచి ఎంత దూరమో, ఏ లెన్సో రాసి పెట్టండి. వాడేసిన యాసిడ్, ఫిక్సర్ సింక్‌లో పోసేయకుండా ల్యాబ్‌లో వాటికని పెట్టిన సీసాలో వేయాలి. మిగిలిన వేరు కొనలు 70% ఆల్కహాల్‌లో గట్టి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని వారాల తర్వాత కూడా హైడ్రోక్లోరిక్ యాసిడ్ స్టెప్ నుంచి మళ్ళీ మొదలెట్టొచ్చు.